టికెట్ లేని న్యాయనిర్ణేతలు

కండక్టరుకి మెల్లగా మాట్లాడటం రాదు. ఏళ్ల తరబడి ఇంజను మోతను మించి అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అడిగినా పక్కింటివాళ్లు ఉలిక్కిపడే స్థితికి వచ్చాడు. ప్రయాణికులు అతన్ని 'రైట్‌రైట్' అంటారు. ఆ మాట ఎప్పుడో అతని అసలు పేరును మింగేసింది.

అలాంటివాడి కూతురు బడిలో నోరు విప్పదు. ఇంట్లో మాత్రం రాజూ తనే, మంత్రీ తనే. తలగడకు మరణశిక్ష వేసి, దాని శవం మీద పడి తనే ఏడుస్తుంది. బడి నాటక బృందంలో చేరాలని ఎప్పటినుంచో కలవరిస్తోంది. నిరుడు ఎంపికకు వెళ్లి, టీచర్ల ముందు నిలబడి, నమస్కారం పెట్టి, అంతే భక్తిగా వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పదిలోకి వచ్చిన పిల్లలకు పరీక్షలు తప్ప వేరే బతుకు ఉండకూడదని బడివాళ్ల సిద్ధాంతం. ఈసారి తప్పితే ఇక లేదు.

ఎంపిక రోజు పొద్దున కూతురు పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతోంది.

"భయంగా ఉంది నాన్నా."

"దానికి కాసిని నీళ్లు పట్టండి," అంది వంటింట్లోంచి భార్య.

"పట్టీ పట్టీ దాన్ని చెరువు చేశావు. భయానికి నీళ్లేం మందే?" కండక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇటు చూడమ్మలూ. ఎంత పెద్దమనిషైనా సరే, టికెట్ లేకుండా బస్సెక్కాడంటే పిల్లి అయిపోతాడు. నేనలా చూస్తే చాలు, కిటికీలోంచి ప్రకృతిని చూడటం మొదలెడతాడు. నీ ఎదురుగా కూర్చున్నవాళ్లెవరికీ టికెట్ లేదనుకో. అప్పుడు భయపడాల్సింది ఎవరు?"

"వాళ్లు."

"అంతే."

"బాగానే ఉంది సంబడం," అంది భార్య. "హెడ్మాస్టర్ని మధ్యలో దింపేసి రమ్మనండి."

కండక్టరు సెలవు పెట్టి కూతురి వెంట వెళ్లాడు. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. లోపల ఒకే బెంచీ మీద హెడ్మాస్టరు, లెక్కల మాస్టారు, చివర నాటకాల టీచరు ఇరుక్కుని కూర్చున్నారు. నాటకానికీ లెక్కల మాస్టారికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు. లోకంలో తీర్పులు చెప్పేవాళ్లలో సగం మంది అలా వచ్చి కూర్చున్నవాళ్లే.

నాటకంలోని రాణి తన పోయిన రాజ్యాన్ని తలుచుకునే మాటలు అప్పజెప్పాలి. కూతురి పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. పండగరోజు బస్సులో కూడా చెమట పట్టనివాడు కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు.

ఆ పిల్ల కళ్లు మూసి తెరిచింది. ముందున్న బల్లను అరచేత్తో రెండుసార్లు చరిచింది.

"టికెట్, టికెట్. లోపలికి జరగండి సార్, అటుపక్క ఖాళీగా ఉంది."

కండక్టరు పైప్రాణాలు పైనే పోయాయి. మాటలు తనవే, గొంతూ తనదే.

కానీ హెడ్మాస్టరు చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. లెక్కల మాస్టారు నిజంగానే జరిగారు. ఆ జరగడంతో నాటకాల టీచరు కింద పడబోయి, బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. హెడ్మాస్టరు తన చేతిని తనే చూసుకుని, దొంగసొత్తులా బయటికి తీశారు.

వాళ్లు తేరుకునేలోగా కూతురు రాణి అయిపోయింది. మాటలన్నీ చెప్పింది, ఏడవాల్సిన చోట ఏడ్చింది, ఏడవనక్కర్లేని చోట కూడా కొంచెం ఏడ్చింది.

సాయంత్రం ఫలితం చెప్పారు. రాణి వేషం బడి కమిటీ అధ్యక్షుడి మనవరాలికి వెళ్లింది. ఆ పిల్ల ఎంపికకు రానే లేదు.

"నాకు భటుడి వేషం నాన్నా," అంటూ గేటు దాటి పరుగెత్తుకొచ్చింది కూతురు.

"భటుడా? అంతసేపు ఏడిపించుకుని భటుడా? ఉండు, ఆ హెడ్మాస్టర్తో మాట్లాడొస్తా."

"వద్దు నాన్నా. నన్ను తీసుకున్నారు. నేను బృందంలో ఉన్నాను."

ఆ మొహం చూశాక కండక్టరుకి కోపాన్ని ఎక్కడ దింపాలో తెలియలేదు.

"ఎన్ని మాటలుంటాయి?"

"ఒక్కటే. 'చిత్తం మహారాణీ.'"

"మరి మిగతా సేపు?"

"ఈటె పట్టుకుని నిలబడటమే. తెర పడేదాకా."

లేని ఈటె పట్టుకుని బిగుసుకుని నిలబడిన కూతురి కాళ్లకేసి చూశాడు కండక్టరు.

"అలా మోకాళ్లు బిగించి నిలబడితే మధ్యలోనే కూలబడతావు. కాళ్లు కాస్త ఎడంగా పెట్టు. బరువు ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద. చూసేవాళ్లకి తెలియకూడదు."

రోడ్డు పక్కనే నిలబడి చూపించడం మొదలుపెట్టాడు. కూతురు సంచీ కింద పెట్టి పక్కనే నిలబడింది. దారిన పోయేవాళ్లు తప్పుకుని వెళ్లారు.