పికప్ తేల్చిన పీఈటీ మేడం

రేణుక పుట్టింది కొత్తగూడ అడవి అంచున ఉన్న చిన్న గూడెంలో. బడి నాలుగు కిలోమీటర్ల దూరం. బోరింగు నీళ్లు మోసి, చెల్లెళ్లకు అన్నం పెట్టి బయలుదేరేసరికి రోజూ ఆలస్యమయ్యేది, అందుకని రోజూ పరుగెత్తుకుంటూనే పోయేది. ఆ పరుగే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. పాలకుర్తి హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు పీఈటీగా చేసి, కిందటేడు రిటైరైంది. భర్త నారాయణ ఆర్టీసీలో కండక్టరుగా చేసి అంతకు ముందే రిటైరయ్యాడు.

స్టాప్‌వాచ్ పట్టుకుంటే రేణుకకు తనవాళ్లు, పరాయివాళ్లు అని ఉండదు. ఒకసారి ఆమె దగ్గర తయారైన సుక్కి అనే పిల్ల వంద మీటర్ల పరుగులో జిల్లా రికార్డు దాటింది. అందరూ చప్పట్లు కొడుతుంటే రేణుక టేపు తెప్పించి ట్రాక్ కొలిపించింది. నాలుగు మీటర్లు తక్కువ వచ్చింది. రికార్డు చెల్లదని తానే మైకులో చెప్పింది. సుక్కి నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు భూపాలపల్లిలో కానిస్టేబుల్‌గా ఉన్న ఆ సుక్కే ఆదివారమైతే ఫోన్ చేసి గంటసేపు ముచ్చట పెడుతుంది.

నిక్కచ్చి మనిషన్న ఈ పేరే రేణుకను కిందటి శ్రావణంలో ఒక చిత్రమైన పంచాయితీలోకి లాగింది.

పాలకుర్తి దగ్గర ఊళ్లో ఒకప్పుడు సర్పంచ్‌గా చేసిన గోవర్ధన్, జనగామలో ప్లాట్ల వ్యాపారం చేసే ఆయన బావమరిది రాజేశ్, ఒకే నెలలో చెరో కరెంటు కారు కొన్నారు. గోవర్ధన్‌ది నీలం రంగు పెద్ద బండి. రాజేశ్‌ది తెల్లటి చిన్న బండి. ఇద్దరూ కుటుంబాలతో చిల్పూర్ బుగులు వెంకటేశ్వరస్వామి దర్శనానికి పోతుండగా దారిలో ఒక వడ్ల లారీ అడ్డం వచ్చింది. రాజేశ్ రయ్యిమని దాటేశాడు. గోవర్ధన్ రెండు కిలోమీటర్లు ఆ లారీ వెనకే పోయాడు. గుడి మెట్ల దగ్గర రాజేశ్ ఒక్క మాట అన్నాడు. "బావా, పెద్దగున్నంత మాత్రాన పికప్ ఉండదే."

అంతే. పదిహేను రోజులు ఇద్దరికీ అదే లోకం. కంపెనీ వాళ్లు అచ్చేసిన కాగితాల్లోని పికప్ సెకన్లు ఒకరికొకరు ఫోన్‌లో పంపుకున్నారు. పెళ్లిళ్లలో, కల్లాల దగ్గర, ఎవరు దొరికితే వాళ్లకు వినిపించారు. గోవర్ధన్ భార్య అరుంధతికి ఒకవైపు మొగుడు, ఇంకోవైపు తమ్ముడు. విని విని విసిగిపోయిన ఆమె, తనకూ తమ్ముడికీ బడిలో ఆటలు నేర్పిన రేణుక మేడంతో వాచ్ పెట్టించి తేల్చుకొమ్మని చెప్పింది. ఇద్దరూ సరేనన్నారు.

రేణుక వెంటనే ఒప్పుకోలేదు. ఇద్దరినీ ఇంటి ముందు కూర్చోబెట్టి చాయ్ పోసి తన షరతులు చెప్పింది. "రెండు బండ్లు పక్కపక్కన ఉరుకుడు ఉండదు. ఒకటి ఆగినంకనే ఇంకోటి. జనం తిరిగే రోడ్డు మీద అసలే వద్దు. ఛార్జింగ్ రెండిట్ల సమానం ఉండాలె, టైర్ల గాలి నా ముందర చూపియ్యాలె. గిది ఇష్టమైతే వస్త."

రాజేశ్ వాటాదారుగా ఉన్న వెంచర్ ఒకటి చిల్పూర్ దారిలో ఉంది. ఇళ్లింకా లేవలేదు కానీ నడుమ అర కిలోమీటరు తారురోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. ఆదివారం ఉదయం ఏడింటికి గేటు వేయించి పని మొదలుపెట్టారు. ఆగిన చోటు నుంచి అరవై కిలోమీటర్ల వేగం అందుకునే దాకా లెక్క. ఎవరి బండి వాళ్లు నడుపుతుంటే, పక్క సీట్లో బెల్టు పెట్టుకుని రేణుకే కూర్చుంది. విజిల్ ఊదగానే వాచ్ నొక్కుతుంది, స్పీడు అంకె అరవై చూపగానే ఆపుతుంది.

రాజేశ్ బండి మూడుసార్లూ ఐదు సెకన్ల చిల్లరే వచ్చింది. గోవర్ధన్ బండి ఒకసారి ఆరున్నర, ఒకసారి ఏడు దాటి, ఒకసారి ఆరు. రాజేశ్ మీసం మీద చెయ్యి వేశాడు. గోవర్ధన్ బండి దిగి, టైరును ఎగాదిగా చూస్తూ నిలబడ్డాడు.

రేణుకకు మాత్రం ఆ అంకెలు నచ్చలేదు. పరుగెత్తే పిల్ల ఒక్కోసారి ఒక్కో టైం తీస్తే ఆమె ముందు కాళ్లే చూసేది. ఇప్పుడూ అదే చూసింది. గోవర్ధన్ ముప్పై ఏళ్లు డీజిల్ జీపు నడిపిన మనిషి. విజిల్ ఊదగానే ఆయన ఎడమకాలు లేని క్లచ్ కోసం లేస్తోంది, కుడికాలు గేరు మార్చాలన్నట్టు నడుమ నడుమ వదులవుతోంది. పైగా బండి ఛార్జింగ్ ఆదా చేసే పద్ధతిలో పెట్టి ఉంది. కొన్ననాటి నుంచీ ఆయన ఆ పద్ధతి మార్చే బటన్ ముట్టుకోనేలేదు.

"తేడా బండిల లేదు సర్పంచ్ సాబ్, కాలుల ఉన్నది" అంది రేణుక. "రెండు బండ్లు ఒక్కరే నడపాలె. అప్పుడే లెక్క."

మరి ఎవరు నడపాలి? రాజేశ్ నడిపితే నీలం బండిని కావాలని మెల్లగా తీస్తాడని గోవర్ధన్ అన్నాడు. గోవర్ధన్ నడిపితే ఇప్పుడు చూసిందే మళ్లీ చూస్తామని రాజేశ్ అన్నాడు. ఎండ ఎక్కుతోంది. రాయి మీద కూర్చుని పల్లీలు ఒలుస్తున్న అరుంధతి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, నీలం బండి తలుపు తీసింది. కూతురు శ్రేయను కాలేజీలో దింపడానికి వారానికి మూడు రోజులు జనగామ దాకా ఆ బండి నడిపేది ఆమే. గోవర్ధన్‌కు అది తెలుసు. ఎట్లా నడుపుతుందో మాత్రం ఎన్నడూ చూడలేదు.

అరుంధతి ముందు ఆ బటన్ నొక్కింది. పక్కన కూర్చున్న రేణుక విజిల్ ఊదింది. బండి చప్పుడు లేకుండా ఎగిరినట్టు కదిలింది. రేణుక వీపు సీటుకు అతుక్కుపోయింది, జాతరలో ఉయ్యాల ఎక్కినట్టు నోట్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. వాచ్ ఆపడం మాత్రం మరవలేదు. నాలుగు పాయింట్ తొమ్మిది సెకన్లు. ముప్పై ఒక్క ఏళ్లు ఇతరుల వేగం గీత బయట నిలబడి కొలిచి, ఇందాక రాజేశ్ పక్కన కూడా అంకె మీదే కళ్లుంచిన మనిషికి, వేగం లోపల ఇట్లా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అరుంధతి రెండు బండ్లనూ మూడేసి సార్లు తీసింది. నీలం బండి నాలుగు తొమ్మిది, నాలుగు ఎనిమిది, నాలుగు తొమ్మిది. తెల్లబండి ఐదు, నాలుగు తొమ్మిది, నాలుగు తొమ్మిది. తానే గెలిచినట్టేనని గోవర్ధన్ ముఖం వెలిగింది. రేణుక తల అడ్డంగా ఊపింది.

"నా వేలు నొక్కుడుల్నే గంత తేడా వస్తది. రెండూ సమానం. గిదే నా తీర్పు."

తర్వాత రాజేశ్, తన టైం కంటే అక్క తీసిన టైమే తక్కువని అప్పుడు లెక్క చూసుకుని, నెత్తి గోక్కున్నాడు. గోవర్ధన్, మళ్లీ పల్లీలు పట్టుకున్న భార్య చేతిలోంచి అవి తీసుకుని, లారీలను ఎట్లా దాటుతావని మెల్లగా అడిగాడు. అరుంధతి నవ్వుతూ, ముందు ఆ బటన్ ఎక్కడుందో చూపిస్తానంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి అదే తారురోడ్డు మీద అరుంధతి పక్కన కూర్చుంటే, రేణుక తెల్లబండి నడపడం నేర్చుకుంది. మొదటి రోజు ఎంత జోరుగా తీసిందంటే, వెనక సీట్లో ఉన్న నారాయణ బండి ఆగగానే దిగిపోయి, లైసెన్సు వచ్చేదాకా తాను బస్సులోనే తిరుగుతానని తేల్చి చెప్పాడు. దీపావళి దాటాక లైసెన్సు వచ్చింది. రాజేశ్ దగ్గర బండి అడిగి తీసుకుని, నారాయణను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, రేణుక భూపాలపల్లిలో సుక్కి ఇంటిదాకా నడుపుకుంటూ పోయింది.