తినని పిల్లకు సూది ఎందుకని అడిగిన రోజు

శుక్రవారం పొద్దున పదింటికి, మా పైవాటా సార్ పోయారని ఫోనొచ్చింది. "పోయారంటే? ఎక్కడికి?" అని అడిగాను పిచ్చివాడిలా. ముందురోజు సాయంత్రమే మా ఇంట్లో టీ తాగి, వద్దంటున్నా గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లారు. గుండె ఆగిపోయిందట. ఇంకా అరవై కూడా నిండని మనిషి! ఇది రాస్తున్నా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నాది ఆదోని. రియాద్‌లో ఏసీలు బాగుచేస్తాను. సార్‌ది గుంటూరు వైపు, ఇక్కడి ఇండియన్ స్కూల్లో బయాలజీ చెప్పేవారు. ఏది చేతికొచ్చినా పాఠమే. ఇఫ్తార్‌కు మాతోపాటు కూర్చుని ఖర్జూరం పైకెత్తి, "ఇదేంటి భాయ్?" అనేవారు.

"ఖర్జూరం సార్."

"కాదయ్యా, ఎండ! చెట్టు ఆకుల్లో ఎండనూ నీళ్లనూ గాలినీ కలిపి వండుకుని, మిగిలింది మూటగట్టింది. ఆ మూట విప్పుకునేది నీ కణాలు. చెట్టూ అంతే, దాని వంట దాని కణాలే విప్పుకుంటాయి."

"ఆకలికి పేగులు అరుస్తుంటే ఈ సార్ పాఠమొకటి!" అని నా భార్య నవ్వేది.

మా అమ్మాయికి పదకొండో ఏట షుగర్ బయటపడింది. రోజూ ఇన్సులిన్ సూది వేయాలి. పోయిన చలికాలం జ్వరం, వాంతులు వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తినకుండా సూది వేస్తే షుగర్ పడిపోతుందని నేనే ఆపేశాను. డాక్టర్‌ను అడుగుదామని నా భార్య అంటే, నాకు తెలియదా అని కసిరాను కూడా. రెండో సాయంత్రం సార్ చూడటానికొచ్చారు. పిల్ల ఆయాసపడుతోంది. వంగి ఊపిరి వాసన చూశారు. మగ్గిన పండు వాసన.

"సూది వేశారా?"

"తినని పిల్లకు సూది ఎందుకు సార్?"

"ఎంత పని చేశావయ్యా! తినకపోయినా కాలేయం వదిలిన చక్కెర రక్తం నిండా ఉంది, కణంలోకి పోవడం లేదు. ఆ తలుపు తీసేది ఇన్సులినే. కణాలు ఆకలికి తట్టుకోలేక కొవ్వు కాల్చుకుంటున్నాయి, ఆ వాసనే ఇది. లే, బండి తియ్యి!"

మూడంతస్తులు పిల్లను భుజాన వేసుకుని ఆయనే దిగారు. ఇంకాస్త ఆలస్యమైతే చేయి దాటేదని డాక్టర్ అన్నారు. నేను గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాను. సార్ తిట్టలేదు.

"తెలియక చేశావు. ఇక తెలియదనకు" అన్నారంతే. అమ్మాయికి మాత్రం గట్టిగా చెప్పారు: "తిననిరోజు ఎంత వేసుకోవాలో డాక్టర్‌ను అడుగు. నీ అంతట నువ్వు మానకు."

నా బిడ్డ ఆయన వల్లే బతికింది. ఈ మాట ఆయన ఎదుట ఒక్కసారీ అనలేదు నేను. సిగ్గు నాకు.

శుక్రవారం ఆ కబురు వినగానే ముగ్గురం కట్టుబట్టలతో హాస్పిటల్‌కు పరిగెత్తాం. సార్ భార్య ఇండియాలో, ఊళ్లో ఉంది. ఆమెకు ఫోన్లో ఏం చెప్పానో నాకే గుర్తులేదు. మార్చురీ బయట, సార్ ఇఖామా, అదే ఇక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్ కాగితం, చేతిలో పట్టుకుని నిలబడి ఉంటే మధ్యాహ్నమైంది. పొద్దుటి సూది సంగతి నేనూ మరిచాను, వాళ్లమ్మా మరిచింది.

అమ్మాయి మెట్ల మీద కూర్చుని, ఎప్పుడూ భుజానుండే మందుల సంచీ విప్పింది. వేలు పొడుచుకుని షుగర్ చూసుకుంది, డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగింది.

"ఏమన్నా తిందువు రా అమ్మా" అన్నాను.

"తినలేను అబ్బాజాన్. సూది మాత్రం మానను."

దుపట్టా చాటున కమీజు అంచు పైకి లాగి, పొట్టకు సూది పెట్టి నొక్కింది. మందంతా దిగేదాకా తీయకూడదు. చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి. వెక్కుతూనే, ఒక్క అంకె కూడా వదలకుండా, పైకే పదిదాకా లెక్కపెట్టింది.