ఎండలో పెట్టిన కలరా మందు

నా మాటను సగానికి కోసి నమ్మడం నరసరావుపేటలో అందరికీ అలవాటు. కృష్ణలో మొసలి మీద కూర్చుని అవతలి ఒడ్డుకు పోయానని చెప్పుకున్నవాణ్ణి, వాళ్లను ఏమనగలను? ఇది మాత్రం కోయకుండా నమ్మండి.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఆసుపత్రి ల్యాబులో సీసాలు కడుగుతూ పరీక్షలు చేయడం నేర్చుకున్నాను. కారంపూడిలో కలరా. అక్కడి బావుల్లో కలపడానికి మందొచ్చింది. మందంటే ప్రాణమున్న మందు. అందులోని వైరస్ కలరా క్రిమిలోకి దూరి, లోపల పిల్లల్ని పెట్టి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. క్రిములు పరిచిన పళ్లెంలో ఒక చుక్క వేస్తే, బతికున్న వైరస్ ఉన్నచోటల్లా ఆ క్రిముల పొరలో ఒక చిల్లు పడుతుంది.

వానల్లో పెట్టెలు ముక్కవాసన పట్టాయి. ఎండ కాయగానే, వార్డులో పనిచేసే ముసలాయన, మేమంతా చాచా అనేవాళ్లం, ఆ మందును వెడల్పాటి పింగాణీ పళ్లేల్లో పోసి, మేడ మీద ఆరబెట్టిన మిరపకాయల పక్కన పెట్టాడు. సాయంత్రం మళ్లీ సీసాల్లో నింపాడు. ఒక్క పెట్టె మాత్రం కింద మిగిలింది.

"పచ్చడికి ఎండ చూపిస్తాం గందా, మందుకు చూపిస్తే ఏందిరా?" అన్నాడు.

ఆ రాత్రి పరీక్ష పెట్టి తెల్లారి చూశాను. కింది పెట్టెలో మందు పళ్లేన్ని జల్లెడ చేసింది. ఎండ చూసినదానికి మూడే చిల్లులు. పరుగున వెళ్లి డాక్టరుగారికి చెప్పాను.

"మొసలి అయిపోయింది, ఇప్పుడిదా? వేడికి కాస్త తగ్గుంటది. రేప్పొద్దున అన్నీ బండెక్కించు."

"ఎక్కించనండి."

"ఉద్యోగం ఊడుద్దిరా!"

"ఊడనీయండి."

గోడ మీది తెల్లదొరల రాజుగారి పటం విప్పి గాజుపలక తీశాను. మంచి మందును రెండు సాసర్లలో పోసి, ఒకదానిపై ఆ గాజు కప్పి, రెండింటినీ ఒకే ఎండలో పెట్టాను. థర్మామీటరు ముంచి చూశాను, వేడి రెండింటిలోనూ ఒకటే. సాయంత్రం రెండింటి నుంచీ చెరో చుక్క క్రిముల పళ్లేల్లో వేశాను. తెల్లారేసరికి గాజు కిందిది చిల్లులమయం, తెరిచి ఉంచినదానికి నాలుగు.

డాక్టరుగారు పళ్లేలు రెండూ వెలుతురుకెత్తి చూశారు. "వేడి కాదు. అతినీలలోహిత కిరణాలు," అన్నారు గొంతు తగ్గించి. "గాజు ఆపింది వాటినే."

ఆ నాలుగింటిలో ఒకటి వేరు. తక్కినవి చిన్నవి, అంచులు మసక. ఇది పెద్దది, కత్తిరించినట్టున్న అంచు.

"దుమ్ము పడుంటది. పారెయ్," అన్నారాయన.

పారేయలేదు. తర్వాత దాన్ని సూదితో తీసి పెంచితే, పిల్లలన్నీ అదే పెద్ద చిల్లు చేశాయి. ఎండ చంపగా మిగిలినవాటిలో ఒకటి కొత్త జాతిగా లేచిందన్నమాట!

ఆ పొద్దున మాత్రం బండి గుమ్మంలో ఉంది, ఎండ చూసిన పెట్టెలన్నీ నేను కాదన్నా ఎక్కించి ఉన్నాయి.

"గుంటూరులో పైవాళ్లకు రాసి కనుక్కుందాం. ఈలోపు ఇవి పోనీ. ఒక్క పెట్టె ఏ మూలకొస్తది?" అన్నారు డాక్టరుగారు.

"చచ్చిన మందు పోసి, బావి మంచిదైందని చెప్పి జనం చేత తాగిస్తామా?"

బండెక్కి, ఒక్కో సీసా మూత తీసి ఆయన కళ్లముందే నేల మీద ఒంపాను. ఎవరూ ఆపలేదు. చివరి సీసా ఖాళీ అయ్యాక కింద మిగిలిన పెట్టె ఎత్తబోతే, రెండో వైపు చాచా వంగి పట్టుకున్నాడు.