భీమప్ప పెరటి గదులు

తాండూరు మొత్తంలో భీమప్పంత పిరికివాడు లేడు. పిల్లి దూకితే దొంగంటాడు, తలుపు కిర్రుమంటే దయ్యమంటాడు. ఆ భయంతోనే పెరట్లో నాపరాళ్లు నిలబెట్టి, వరసగా గదులు కట్టి, గూడులేని వాళ్లను తెచ్చి పెట్టుకున్నాడు.

గనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న శాంతవ్వ పిల్లలతో రైల్వే స్టేషన్లో తలదాచుకుంటుంటే, వెళ్లి బతిమాలాడు.

"శాంతవ్వా, మా ఇంటెనుక జర ఉండరాదు? మనిషి అలికిడి లేకుంటే నా గుండె దడదడ కొట్టుకుంటది."

"కిరాయెంతన్నా?"

"కిరాయా? కావలున్నందుకు నేనే నీకియ్యాలె!"

శాంతవ్వ నమ్మింది. పొద్దుగూకగానే అన్న భయపడకుండా గట్టిగా దగ్గేది. పక్కగది జంగప్ప అందుకునేవాడు. పెరడంతా దగ్గులే. "ఇంత దగ్గుల మధ్య దొంగే కాదు, నిద్ర కూడా రాదు" అని భీమప్ప భార్య రామమ్మ విసుక్కునేది.

అరవై నాలుగో సంవత్సరంలో మునిసిపాలిటీ నుంచి పిడుగులాంటి నియమం వచ్చింది. ఒక జాగాలో ఒక్క కుటుంబమే ఉండాలట. వెనక గదులు కూల్చాలట. మునిసిపాలిటీ మనిషి వచ్చి గోడల మీద సున్నంతో గీతలు కొట్టిపోయాడు. వీధిలో సైకిల్ గంట మోగితే చాలు, గడ్డపారలొచ్చాయని శాంతవ్వ పిల్లల్ని లోపలికి లాక్కునేది.

ఊరివాళ్ల అర్జీలు ఎక్కువయ్యేసరికి, ఆ నియమం మార్చాలా వద్దా అని సభ పెట్టారు. అందరూ వెళ్లారు.

"ఒక్క ఇంట్ల ఇంతమంది ఎందుకయ్యా?" చైర్మన్ అడిగాడు.

"భయం సాబ్," అన్నాడు భీమప్ప.

"భయమైతే కుక్కను పెంచుకో!" సభంతా నవ్వింది. అయిపోయింది, మళ్లీ స్టేషనే అనుకుంది శాంతవ్వ.

రామమ్మ లేచింది. "ఉత్త అబద్ధం సాబ్! అనంతగిరి అడవిల చిరుత మేకను పట్టుకుంటే, కట్టె పట్టుకొని దాని ఎంబడి ఉరికిండు ఈ మనిషి. ధర్మానికి ఉండుమంటే వాళ్ల మనసు చిన్నబోతదని గీ యేషం."

భీమప్ప దొంగతనం బయటపడ్డవాడిలా తలొంచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. శాంతవ్వ భయం దిగమింగి నిలబడింది. "సాబ్, గా గదులు కూలగొడ్తే నా పిల్లలు యాడ పండాలె?"

సాయంత్రానికి నియమం మారింది. గాలికి, మురుగు పోయే మోరీకి జాగా వదిలితే పెరట్లో గదులు వేసుకోవచ్చు, ఎన్ని కుటుంబాలైనా ఉండొచ్చు.

తిరిగొస్తుంటే బస్టాండులో పెద్దేముల్ నుంచి వచ్చిన ముసలి దంపతులు మూటల మీద కూర్చుని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. భీమప్ప ఆగాడు. మొహం నిండా భయం తెచ్చుకుని వాళ్ల దగ్గరికి నడిచి, ఇంటెనుక కావలుండమని బతిమాలాడు. ముసలమ్మ అనుమానంగా శాంతవ్వ వైపు చూసింది.

"నిజమే అవ్వా," అంది శాంతవ్వ నవ్వాపుకుంటూ, "మస్తు పిరికోడు. పాపం, వచ్చి జర తోడుండుండ్రి."