కొళాయికి కట్టిన చింతపండు మూట

రాసుకో, ఇది మీ నాయనమ్మ చిట్కా. మీ అమ్మమ్మ మన ఇంటికి మొదటిసారి వచ్చే రోజునే వంటింటి కొళాయి నా పరువు తీసేలా ఉంది. మన బోరు నీళ్ల ఉప్పు దాని మూతికి తెల్లగా గట్టిపడి, తిప్పితే నీళ్లు తిన్నగా పడక మొహం మీదికి చిమ్ముతున్నాయి. కొత్త వియ్యపురాలు తడిసిపోతే ఇంకేమన్నా ఉందా?

చింతపండు నానబెట్టి, గుడ్డలో వేసి ఆ మూతికి గట్టిగా కట్టాను. అరగంట ఉంచాలి. పది నిమిషాలకే ఆవిడ వచ్చేసింది. వంటింట్లోకి వస్తూనే మూటను చూసి చేతులు జోడించింది.

"బోరు ఎండకూడదని ముడుపు కట్టినావా వదినా? ఏ సామికి?"

"సామికి కాదు వదినా. ఉప్పు వదలాలని చింతపండు కట్టినా."

నవ్వుతుందేమోనని బెదిరాను. ఆవిడేమో కొంగు నడుముకు దోపుకుంది.

"నేను ఇనుప పీచుతో రుద్ది రుద్ది మా కొళాయి మెరుపంతా పోగొట్టినా. ఈ మాట ముందే చెప్పింటే ఏం పోయేది నీకు?"

అరగంట నిండాక ఇద్దరం మూట విప్పి, పాత బ్రష్షుతో రుద్దితే పెచ్చులు ఊడిపోయి నీళ్లు తిన్నగా పడ్డాయి.

"వాడినాక పొడిగుడ్డతో తుడిస్తే మళ్లా పట్టదు" అన్నాను.

పోయేటప్పుడు ఆవిడ తాంబూలంలో రవికె గుడ్డతో పాటు పిడికెడు చింతపండు కూడా పెట్టించుకుంది.