పల్లంరాజు మాస్టారి పెద్దక్షరాలు

పల్లంరాజు మాస్టారికి చిన్న అక్షరం రాయడం చేతకాదు. ఆయన రాసిన ‘అ’ గుమ్మడికాయంత ఉంటుంది. ‘ఆ’ రాస్తే ఆ గుమ్మడికాయకి తీగ కూడా ఉంటుంది. పైగా లెక్కల మాస్టారు, సున్నాలతో పని ఎక్కువ. ఆయన బోర్డు మీద లక్ష వేస్తే ఒకటి కిటికీ దగ్గర బయల్దేరి, ఆఖరి సున్నా గుమ్మం దగ్గర తేలుతుంది. బోర్డు చాలక తలుపు మీదికి, తలుపు చాలక వరండా గోడ మీదికి నడిచిన లెక్కలున్నాయి. వాటి జవాబులు పక్క సెక్షన్ పిల్లలు రాసుకునేవారని చెప్పుకుంటారు.

“అంతేసి అక్షరాలెందుకండి మాస్టారూ?” అని ఎవరడిగినా ఒకటే సమాధానం.

“కళ్ళు ఆనవండి. నేను రాసింది ముందు నాకు కనపడాలి కదా.”

భీమవరం అవతల చేపల చెరువుల మధ్య ఉన్న ఆ హైస్కూల్లో, చెరువుల్లో రొయ్యలకన్నా ఆయన అక్షరాల మీద కథలే ఎక్కువ. ఒకసారి స్కూలు వార్షికోత్సవానికి బ్యానర్ రాసే పని ఆయన మీద పడింది. ‘వార్షికో’ దగ్గరికొచ్చేసరికి గుడ్డ అయిపోయింది. మిగిలింది ఇంకో గుడ్డ మీద రాసి, గేటు దగ్గర చోటు లేక సైకిల్ స్టాండుకి కట్టారు. ముఖ్య అతిథి కారు తిన్నగా సైకిల్ స్టాండులోకి వెళ్ళి ఆగింది. “‘త్సవం’ ఇక్కడేనాండి?” అని ఆ పెద్దమనిషి ఎంతో మర్యాదగా అడిగారట.

ఆయన ఫోనూ అంతే. తెర మీద రెండు మాటలు పడితే గొప్ప. హెడ్‌మిస్ట్రెస్ బాలాత్రిపురసుందరి గారు ఒక సాయంత్రం టీచర్ల గ్రూపులో “రేపు సెలవు లేదు” అని పెట్టారు. మాస్టారి ఫోన్లో “రేపు సెలవు” వరకే పట్టింది. మర్నాడు మొదటి పీరియడ్‌కి ఆయన లేరు. హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారు.

“ఎక్కడున్నారండి మాస్టారూ?”

“గుళ్ళోనండి. మీరు సెలవిచ్చారని దర్శనానికొచ్చాను.”

“‘లేదు’ అని కూడా రాశానండి.”

“అది కిందెక్కడో ఉండిపోయినట్టుందండి.”

ఇటువంటి మనిషితో కంప్యూటర్ టీచర్ మధులతకి పని పడింది. మధులత ఆ స్కూలుకి కొత్త. ఎనిమిదో తరగతి పిల్లలకి మొదటిసారి ఆన్‌లైన్ పరీక్ష పెడుతున్నారు. అందుకని వచ్చిన లాప్‌టాప్‌లన్నీ ఛార్జింగ్ పెట్టి, అప్‌డేట్లు చేసి, పరీక్ష పేజీ తెరుచుకుంటోందో లేదో చూసి సిద్ధం చేసే బాధ్యత ఆమెది. ఒక్కదానివల్ల ఏమవుతుందని హెడ్‌మిస్ట్రెస్ మాస్టార్ని తోడిచ్చారు.

“మాస్టారి చేత ఏ పనైనా చేయించుకోమ్మా. రాత పని మాత్రం వద్దు,” అన్నారు.

మాస్టారు ఎంతో శ్రద్ధగా తెరలు తుడిచారు, వైర్లు సర్దారు. మధులత మర్నాడు పొద్దున్న లాప్‌టాప్‌లు తెరిచి గతుక్కుమంది. తెర మీది చెత్తబుట్ట బొమ్మ నిజం చెత్తబుట్టంత ఉంది. పరీక్ష పేజీలో “కింది వానిలో” అన్న మాటలు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. కింద ఉండాల్సిన ‘తర్వాత’ బటన్ తెర దాటి ఏ నరసాపురానికో వెళ్ళిపోయింది. అన్ని లాప్‌టాప్‌లదీ అదే తంతు.

“ఇదేంటండి మాస్టారూ?”

“కళ్ళు ఆనలేదమ్మా. మచ్చలు కనపడితేనే కదా తుడిచేది.”

“మచ్చలు తెర మీదుంటాయండి. అక్షరాల మీద కాదు.”

“ఆయ్, అదీ నిజమే,” అని ఒప్పుకుని వెళ్ళిపోయారు.

మధులత అన్నీ యథాస్థానానికి తెచ్చింది. తెల్లారేసరికి అక్షరాలు మళ్ళీ బలిశాయి. ఆమె తగ్గించింది. ఆయన పెంచారు. చివరికి ఆమెకి ఓపిక నశించింది.

“మాస్టారూ, ఆ బటన్ కనపడకపోతే పిల్లలు జవాబులు పంపలేరండి. స్కూలంతటికీ సున్నాలొస్తాయి.”

“సున్నాలైనా పెద్దవి వస్తాయా అమ్మా?”

మధులతకి నవ్వు రాలేదు. సంగతి హెడ్‌మిస్ట్రెస్ దాకా వెళ్ళింది. పరీక్ష అయ్యేదాకా మాస్టారు ల్యాబు గుమ్మం తొక్కకూడదని ఆవిడ ఆర్డరు వేశారు.

మాస్టారి బెడద లేకుండా నమూనా పరీక్ష జరిగింది. అక్షరాలు చక్కగా, బుద్ధిగా, చిన్నగా ఉన్నాయి. పిల్లలందరూ టకటకా నొక్కేశారు, హేమశ్రీ తప్ప. క్లాసులో లెక్కలు ముందు చేసేది ఆ పిల్లే. తీరా చూస్తే ఒక్క జవాబూ లేదు.

“ఏమైందమ్మా?” అని మధులత అడిగింది.

“మౌస్ పనిచేయలేదండి,” అంది హేమశ్రీ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

పిల్లలు వెళ్ళాక మధులత ఆ మౌస్ కదిపి చూసింది. లక్షణంగా పనిచేస్తోంది. తలెత్తేసరికి గుమ్మం బయట పల్లంరాజు మాస్టారు నిలబడి ఉన్నారు. కాలి బొటనవేలు కూడా గడప దాటకుండా జాగ్రత్తపడుతున్నారు.

“లోపలికి రానమ్మా, మేడమ్ గారి ఆర్డరు. హేమశ్రీ ఎలా చేసింది?”

“ఏమీ చేయలేదండి. మౌస్ పాడైందంటోంది. చూస్తే బాగానే ఉంది. లాప్‌టాపే పాతదేమో.”

“ఏదీ, ఇలా అందించు.”

ఆయన లాప్‌టాప్‌ని తిరగేసి, అడుగున ఉన్న స్టిక్కరు మీది నెంబరు, తయారైన నెల, ఏడాదితో సహా గడగడా చదివేసి, “కొత్తదేనమ్మా ఇది,” అన్నారు.

మధులత నోరు తెరుచుకుని చూసింది. ఆ స్టిక్కరు మీద ఉన్నవి చీమ కాళ్ళంత అక్షరాలు. వాటిని చదవడానికి ఆమె అంతకు ముందు ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేసుకోవాల్సి వచ్చింది.

“మీకు కళ్ళు ఆనవన్నారు కదండి.”

మాస్టారు నాలుక కరుచుకున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“ఆ పిల్లకి జోడు పెట్టినా చిన్నక్షరం ఆనదమ్మా. ఇంట్లోవాళ్ళకి తెలుసు, డాక్టరు గారికీ తెలుసు. పాత బళ్ళో దాని కోసమని బోర్డు ముందు విడిగా కుర్చీ వేశారట. మంచికే వేశారు. పిల్లలు ఊరుకుంటారా, ఆ కుర్చీకి ఓ పేరు పెట్టారు. ఆ బడి మానేసి ఇక్కడికొచ్చింది. ఎవరికీ తెలియకూడదని దాని బాధ. నీకు తెలిసినట్టు కూడా దానికి తెలియనివ్వకు.”

“అయితే ఇదంతా హేమశ్రీ కోసమాండి?”

“ఈ ఏడు హేమశ్రీ. అంతకు ముందు ఇంకొకరు. ప్రతి క్లాసులో ఒకరుంటారమ్మా. పైకి చెప్పరు. ఒక్కళ్ళకే పెద్దగా రాస్తే అందరూ ఆ ఒక్కళ్ళనే చూస్తారు. అందరికీ పెద్దగా రాస్తే నన్ను చూసి నవ్వుతారు. నవ్వితే నాకు పోయిందేముంది?”

ఇన్నాళ్ళూ స్టాఫ్ రూములో అందరితో పాటు మధులత కూడా నవ్వింది.

“మరి మీ ఫోన్లో అంతేసి అక్షరాలెందుకండి?”

“అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా.”

“ఆ గుడికెళ్ళిన సెలవు?”

“అది మాత్రం నిజంగానే కనపడలేదమ్మా.”

ఆ సాయంత్రం మధులత గుమ్మానికి ఇవతలా, మాస్టారు అవతలా కూర్చుని కుస్తీపట్టారు. ఆమె అక్షరాలు పెంచుతుంది. ఆయన “బటన్ ఎక్కడుంది?” అంటారు. బటన్ గట్టెక్కేలా తగ్గిస్తుంది. ఆయన “పిల్ల?” అంటారు. చివరికి అక్షరం పెద్దగా, బటన్ తెర అంచున ఉండే చోటు దొరికింది. పొడుగు ప్రశ్నల్ని కిందికి జరుపుకుంటూ చదవడం మర్నాడు క్లాసందరికీ నేర్పింది.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చి తెరలు చూసి నడుం మీద చెయ్యేశారు. “మళ్ళీ మాస్టారేనా?”

“కాదండి, నేనే. చిన్నగా ఉంటే ప్రశ్న చదవకుండానే జవాబు నొక్కేస్తున్నారండి,” అంది మధులత, అతికినట్టు.

పరీక్ష రోజు పర్యవేక్షణకి సుబ్రహ్మణ్యం గారనే అధికారి వచ్చారు. నవ్వని మనిషి. వరసల వెనకాల నడుస్తూ ఒక్కో తెరనీ వంగి చూశారు. హేమశ్రీ వెనక కూడా ఆగారు. హేమశ్రీ ఆయన్ని పట్టించుకోలేదు. కింది పెదవి కొరుక్కుంటూ లెక్కలోనే ఉంది. చివరి జవాబు పంపి, అందరికన్నా ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. మధులత గుండె కుదుటపడింది.

పిల్లలు బయటికెళ్ళాక అధికారి అడిగారు. “ఈ అక్షరాలు ఇలా చేసిందెవరండి?”

మధులత నోరు విప్పేలోపు గుమ్మం బయట నిలబడ్డ పల్లంరాజు మాస్టారు ముందుకొచ్చారు. “నేనేనండి.”

“ఒకసారి ఇలా రండి,” అని ఆయన మాస్టార్ని వరండా చివరికి తీసుకెళ్ళారు. ఉండబట్టలేక మధులత కూడా వెనకే వెళ్ళి స్తంభం పక్కన నిలబడింది.

అధికారి చుట్టూ చూసి, జేబులోంచి ఫోన్ తీశారు. దాన్ని చెయ్యి బారుగా చాపి పట్టుకున్నారు.

“దీన్లో కూడా అలా చేయొచ్చాండి? నాక్కాదు. మా ఆవిడ కోసం.”

“దానికేమండి, అలాగే,” అన్నారు మాస్టారు. ఇంకే ప్రశ్నా వేయలేదు. ఫోన్ తీసుకుని, అక్షరాలు పెంచి, ఆయన ముందు పెట్టారు. “ఆవిడ గారికి ఇది సరిపోతుందాండి?”

అధికారి ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం పెట్టారు, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు.

“ఆవిడకి ఇంకొంచెం పెంచండి,” అన్నారు.