ఫిల్మ్ నగర్‌లో విన్న కియాసు మాట

గొంతు ఆపరేషన్ తర్వాత దాదాపు ఏడాది నేను రంగస్థలం ఎక్కలేదు. ఆ ఏడాదిలో మా కాకినాడ నాటక సమాజంలో నా వేషాలు ఒక్కొక్కటిగా ఇతరుల చేతుల్లోకి వెళ్లిపోయాయి. అందుకే, కొత్త సినిమాకు యాభై ఏళ్ల నటుడు కావాలన్న ప్రకటన ఫోనులో చూడగానే, "ఈసారి వెనకబడేది లేదు" అన్నాను మా ఆవిడతో.

"వెళ్లండి. గొంతు మాత్రం చించుకోకండి" అంది.

సాయంత్రం సామర్లకోటలో రైలెక్కి, తెల్లారేసరికి లింగంపల్లిలో దిగాను. ఆడిషన్ పదింటికి. అయినా ప్లాట్‌ఫాం మీదే మొహం కడుక్కుని, లోకల్ రైల్లో బోరబండ చేరి ఆటో ఎక్కాను. జూబ్లీహిల్స్ మలుపుల్లో పెద్ద గేట్ల వెనక ఇళ్లు ఇంకా నిద్ర లేవలేదు. ఫిల్మ్ నగర్‌లో నిర్మాణ సంస్థ ఆఫీసు ముందు దిగేసరికి ఏడు కూడా కాలేదు. నేనే మొదటివాణ్ణనుకున్నాను. గేటు పక్క అరుగు మీద నా వయసు మనిషొకరు అప్పటికే కూర్చుని ఉన్నారు.

పేరు మల్లేశం, ఊరు జగిత్యాల దగ్గర. ఆయనా ఆ వేషం కోసమే వచ్చారు. సందు చివర ఇడ్లీ బండి పొగలు కక్కుతోంది. ఇద్దరికీ ఆకలే, ఇద్దరం కదల్లేదు. కాసేపటికి ఆయనే నవ్వారు.

"నేను సింగపూర్‌ల చాన్నాళ్లు బిల్డింగ్ పని చేసిన అన్నా. గాడ మనసొంటోళ్లను కియాసు అంటరు."

"అంటే?"

"పక్కోనికి దొరికి మనకు దొరకదేమోనని భయం. ఏడ లైను కనవడితే ఆడ నిలవడుడు. గాడి చైనోళ్ల మాట."

"మరి మీరెందుకండీ ఇంత పొద్దున్నే వచ్చారు?"

"నాకు గూడ గదే రోగం."

ఇడ్లీ తిన్నాం, ఒకరి తర్వాత ఒకరం, రెండోవారు చోటు కాస్తుంటే.

గేటు తెరిచే వేళకు వరస షేక్‌పేట వైపు మలుపు దాకా సాగింది. సహాయ దర్శకురాలు మా ఇద్దరినీ కలిపి లోపలికి పిలిచింది. పొలం పంపకాల్లో గొడవపడే అన్నదమ్ముల సన్నివేశం. ఖాళీ ఉన్నది అన్న వేషమే కాబట్టి, ఒకరు అన్నగా చేస్తే మరొకరు తమ్ముడిగా మాట అందించాలి.

మొదట నేను అన్న. మల్లేశం మాట ముగియకముందే నా మాట అందుకుంటూ పోయాను. ఆ అమ్మాయి ఆపింది. "సార్, ఆయన చెప్పేది మీరు వినట్లేదు."

నిజమే. "ఇంకొక్కసారి చేస్తానమ్మా" అన్నాను.

రెండోసారి ఆయన "నా వాటా నువ్వే ఉంచుకో అన్నా" అన్నప్పుడు మొహంలోకి చూశాను. జవాబు చెబుతుండగా నా గొంతు జీరపోయింది. ఆగలేదు. స్వరం తగ్గించి, దాదాపు గుసగుసగా చివరి మాట దాకా చెప్పాను.

తర్వాత మల్లేశం అన్న. నేను ఒక్క మాట మింగితే చాలు, ఆయన తడబడతారు. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. ప్రతి మాటా నిండుగా అందించాను. చివర్లో ఆయన కాగితం మీది మాటలు వదిలేసి, "భూమి పోతే పోనీ తమ్మీ, ఇంట్లకు రా" అన్నారు. నాకు నటించాల్సిన పని లేకపోయింది.

వరసలో అందరినీ చూశాక, మధ్యాహ్నం వేషం ఆయనకే ఇచ్చారు. బయట నా చెయ్యి పట్టుకుని, "నువ్వు గట్ల అందియ్యకుంటే నాకు వచ్చేది గాదన్నా" అన్నారు.

"బాగా చేశారండీ, అందుకే వచ్చింది" అన్నాను. బాధ లేదని కాదు. కానీ జీరపోయినా సన్నివేశం చివరిదాకా నా గొంతు నిలబడింది. ఏడాదిగా నేను వెతుక్కుంటున్నది అదే.

ఈ దారిన వెళ్లే నటులకు నేను చెప్పగలిగింది ఒకటే: పొద్దున్నే వెళ్లండి, తప్పులేదు. గది లోపలికి అడుగుపెట్టాక మాత్రం ఎదుటివారి మాట వినండి.

సాయంత్రం తిరుగు రైల్లో ఎదుటి సీటు పెద్దావిడ, "ఏం పనిమీద వచ్చావు బాబూ?" అని అడిగింది.

"నటుణ్ణండీ. సినిమాలో వేషం కోసం వచ్చాను."

"వచ్చిందా?"

"రాలేదండీ. మళ్లీ వస్తాను."

గొంతు బొంగురుగానే ఉంది. అయినా మాట పక్క వరస దాకా వినపడింది, అక్కడివాళ్లు కూడా తలతిప్పి చూశారు.